వెర్రి కామెడీలు నేర్పే చదువు: ఏది మేలు?

తలాతోకా లేని కామెడీ సీరియళ్లు చూస్తే కాలం వృథా అనే మాటను నేను ఒప్పుకోను. వాటి నుంచి జనం నిజంగానే నేర్చుకున్నారు. అయితే అన్నీ ఒకే తీరుగా నేర్పవు. కొన్ని తమకు తెలియకుండానే నేర్పుతాయి, కొన్ని తెర మూలన దాచిపెడతాయి, కొన్ని సూటిగా చెప్పేస్తాయి.

తెలియకుండా నేర్పేవాటిలో ముందు చెప్పవలసింది ‘ఫ్రెండ్స్’. 1994 నుంచి 2004 వరకు సాగిన ఈ సీరియల్ చూసే తాను ఇంగ్లీషు నేర్చుకున్నానని కొరియా గాయక బృందం బీటీఎస్ నాయకుడు ఆర్‌ఎం చెప్పారు. మొదట తెర కింద కొరియన్ సబ్‌టైటిళ్లతో, తర్వాత ఇంగ్లీషు సబ్‌టైటిళ్లతో, చివరికి ఏ సబ్‌టైటిళ్లూ లేకుండా చూశారట. మంచి పద్ధతే. కానీ ఇక్కడ ఫలం సీరియల్‌ది కాదు, చూసినవాడి పట్టుదలది. అంత ఓపిక ఉన్నవారికి వార్తలు విన్నా భాష వస్తుంది.

దాచిపెట్టేవాటి రుచి వేరు. 1995 నాటి ‘ది సింప్సన్స్’ అనే కార్టూన్ సీరియల్ ఎపిసోడ్ ఒకదానిలో హోమర్ అనే పాత్ర వెనుక ఒక సమీకరణం తేలుతూ కనిపిస్తుంది: 1782 పన్నెండవ ఘాతానికి 1841 పన్నెండవ ఘాతం కలిపితే 1922 పన్నెండవ ఘాతం వస్తుందని. పది అంకెల కాలిక్యులేటర్‌లో వేస్తే సరిపోయినట్టే కనిపిస్తుంది! రెండుకు మించిన ఘాతాలకు ఇలాంటి సమానత్వం సున్నా కాని పూర్ణసంఖ్యల్లో కుదరదన్నది గణితవేత్త ఫెర్మా సిద్ధాంతం. దానికి గణితవేత్త ఆండ్రూ వైల్స్ ఇచ్చిన నిరూపణ అచ్చయింది కూడా ఆ 1995లోనే. మరి కాలిక్యులేటర్ మాటేమిటి? ఆ మాయను విడదీయడానికి వైల్స్ అంతటివాడు అక్కర్లేదు. 1782 సరిసంఖ్య, 1841 బేసిసంఖ్య. సరిసంఖ్యకు ఏ ఘాతమైనా సరి, బేసిసంఖ్యకు ఏ ఘాతమైనా బేసి, రెండూ కలిస్తే బేసి. కుడివైపున 1922 మాత్రం సరి. చిన్న తరగతి పిల్లలు కూడా పట్టుకోగల తప్పును యంత్రం పట్టుకోలేకపోయింది. యంత్రం చూపిన అంకెను ఎందుకు అనుమానించాలో ఇంత చక్కగా చెప్పిన పాఠ్యపుస్తకం నాకు ఎదురుపడలేదు. చిక్కల్లా ఒకటే: ఆ మూలకు చూపు పోయినవారికే ఆ పాఠం.

సూటిగా చెప్పినదానికి ‘ది ఆఫీస్’ అమెరికన్ సీరియల్‌లోని 2009 నాటి ఎపిసోడ్ ఉంది. ఉద్యోగులకు సీపీఆర్ (గుండె ఆగినవారి ఛాతీని నొక్కి ప్రాణం కాపాడే ప్రథమ చికిత్స) శిక్షణ జరుగుతుంటుంది. ‘స్టేయిన్ ఎలైవ్’ పాట లయకు తగ్గట్టు ఛాతీని నొక్కమంటుంది శిక్షకురాలు. అంతే, పాట మొదలవుతుంది, నాట్యం మొదలవుతుంది, చివరికి ఒకడు శిక్షణ బొమ్మ ముఖాన్నే కోసేస్తాడు. ఇంత గందరగోళంలోనూ ఆ సలహా మాత్రం అక్షరాలా సరైనది. నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ఆ పాట లయ నిమిషానికి సుమారు 103. 2019లో అరిజోనా రాష్ట్రంలోని టూసన్‌లో, సీపీఆర్ శిక్షణ ఏదీ లేని ఒక యువకుడికి కారులో స్పృహ లేకుండా పడి ఉన్న మహిళ కనిపించింది. అతనికి ఆ ఎపిసోడే గుర్తొచ్చింది. పాట పాడుకుంటూ ఛాతీ నొక్కాడు. ఆమె బతికింది.

అందుకే నా ఓటు ‘ది ఆఫీస్’కే. కంగారులో మనిషికి అంకెలు గుర్తుండవు, పాట గుర్తుంటుంది. ఆ ఆఫీసు గోల ఎంత వెర్రిగా ఉంటే పాట అంత గట్టిగా మనసుకు పట్టుకుంటుంది. సింప్సన్స్ లెక్క నాకు ఎంత ఇష్టమైనా, ప్రాణం నిలిపిన పాఠం ముందు దానికి రెండో స్థానమే ఇస్తాను.

కానీ ఆ దృశ్యం నేర్పేది వేగం ఒక్కటే. పెద్దవారి ఛాతీ కనీసం 5 సెంటీమీటర్లు లోపలికి దిగాలి, 6 దాటకూడదు. ఆ లోతు ఎంతో టీవీ చూస్తే చేతికి తెలియదు. శిక్షణ తరగతిలో బొమ్మ మీద నొక్కి చూడవలసిందే.