వ్యాను రిమోటు కీ మొరాయిస్తే: మన చేతులా, కీ మేకరా, షోరూమా? ఏది మేలు?

అనంతపురంలో వ్యాను నడిపేవాళ్ల మధ్య రిమోటు కీ మాట వస్తే మూడు సలహాలు వినబడతాయి. "షోరూముకే పో, బయటోని చెయ్యి పడనీయొద్దు" అంటారు ఒకరు. "షోరూముకు దండగ, టవర్ క్లాకు దిక్కు పోతే కీ మేకరు అరగంటలో చేసిస్తాడు" అంటారు ఇంకొకరు. మూడో ఆయన ఫోన్ తీసి వీడియో చూపిస్తాడు. కీ గబగబా ఎనిమిది సార్లు తిప్పితే రిమోటు దానంతటదే బండితో కలిసిపోతుందట. ముగ్గురిదీ అబద్ధం కాదు. ముగ్గురూ మూడు రకాల బండ్ల గురించి మాట్లాడుతున్నారు, అంతే. మన బండి అందులో ఏ రకమో తేల్చుకోకుండా ఏ సలహా పట్టుకున్నా డబ్బులు నీళ్లపాలే.

మొదట తెలుసుకోవాల్సింది, కీలో ఉండేవి రెండు వేర్వేరు వస్తువులు. డోర్లు తెరిచే రిమోటు ఒకటి. దానికి సెల్లు కావాలి, బటన్ నొక్కితే రేడియో సంకేతం పంపుతుంది. మన దేశంలో అమ్మే బండ్లలో అది ఎక్కువగా 433 మెగాహెర్ట్‌జ్ మీద నడుస్తుంది. రెండోది ఇంజన్ స్టార్టు కావడానికి అనుమతి ఇచ్చే చిప్పు. దీనికి సెల్లుతో పని లేదు. ఇగ్నిషన్ చుట్టూ ఉండే తీగచుట్ట నుంచే కరెంటు తీసుకుని తన నంబరు చెబుతుంది. బండి ఆ నంబరును గుర్తుపడితేనే ఇంజన్ అందుకుంటుంది. ఇమ్మొబిలైజర్ అనేది ఇదే. మారుతి వాళ్లు తమ దానికి ఐక్యాట్స్ అని పేరు పెట్టుకున్నారు. పాత ఓమ్నీల్లో ఈ గొడవే లేదు, కీ అంటే ఉత్త ఇనుపముక్క.

కాబట్టి పరీక్ష తేలిక. బటన్ నొక్కితే డోరు పలకడం లేదు, కానీ కీ పెట్టి తిప్పితే బండి స్టార్టవుతోంది అంటే చిప్పు బాగుంది, రిమోటుకే జబ్బు. డోర్లు తెరుచుకుంటున్నాయి, స్టార్టర్ తిరిగినా ఇంజన్ అందుకోవడం లేదు, మీటర్ బోర్డులో కీ గుర్తు మిణుకుమిణుకుమంటోంది అంటే వ్యవహారం చిప్పుది. మొదటిది చిన్న ఖర్చు, రెండోది పెద్ద ఖర్చు. ఈ తేడా చెప్పకుండా "రిమోటు పనిచేయట్లేదు, కీ కొత్తది కావాలి" అని అడిగితే, అడిగిందే అమ్ముతారు ఎవరైనా.

మారుతి ఈకో లాంటి జారుడు డోరు వ్యాన్లలో ఇంకో తిరకాసు ఉంది. రిమోటు నొక్కితే ముందు డోర్లు రెండూ పడతాయి, పక్క డోరు మాత్రం పడదు. దీనికి రిమోటును మళ్లీ ప్రోగ్రామ్ చేయించి, అంటే బండికి కొత్తగా పరిచయం చేయించి, లాభం లేదు. డోరు జరిగినప్పుడల్లా మడతపడే వైరు లోపల తెగి ఉంటుంది, లేదా ఆ డోరులోని చిన్న మోటారు పోయి ఉంటుంది. ఆటో ఎలక్ట్రీషియన్ పని అది.

సెల్లు, బటను: ప్రోగ్రామింగ్ కంటే ముందు

పది రిమోట్లు మొరాయిస్తే అందులో చాలావాటికి ప్రోగ్రామింగ్ అక్కర్లేదు. సెల్లు మారిస్తే చాలు. పాత సెల్లు మీద 2032 అనో, 2025 అనో, 1620 అనో ఉంటుంది, అదే నంబరుది తెచ్చి వేయండి. మొదటి రెండంకెలు వెడల్పు, తర్వాతి రెండు మందం. అందుకే 2032 చోట 2025 కూర్చుంటుంది గానీ వదులుగా ఉండి, బండి గుంతలో పడ్డప్పుడల్లా కాంటాక్టు తప్పుతుంది. సెల్లు తీసినప్పుడు రేకు మీద పచ్చగా చిలుము పట్టిందేమో చూడండి. మే నెల ఎండలో డాష్‌బోర్డు మీద వదిలేసిన రిమోటుకు, చెమట పట్టిన జేబులో తిరిగే రిమోటుకు ఆయుష్షు తక్కువ.

కొత్త సెల్లు వేసినా పలకకపోతే అనుమానించాల్సింది బటన్‌ని. పైన కనిపించే రబ్బరు కింద, బోర్డు మీద, గట్టిగా చూస్తే గానీ కనబడని చిన్న స్విచ్చు ఉంటుంది. రోజుకు యాభైసార్లు తలుపులు తీసి వేసే బడి వ్యానులో అరిగేది అదే. నొక్కినప్పుడు 'టిక్' అనే చప్పుడు వేలికి తగలకపోతే దాని పని అయిపోయినట్టే. సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడు సన్న సోల్డరింగుతో దాన్ని మార్చగలడు. కీ మేకర్లలో కొందరు ఈ చిన్న పని ఒప్పుకోరు, కొత్త రిమోటు అంటగడతారు. ముందు ఫోన్ కుర్రాడి దగ్గరికి పోవడమే నాకు న్యాయంగా కనిపిస్తుంది. ఇంకో మాట. టీవీ రిమోటులాగా ఫోన్ కెమెరా ముందు పెట్టి వెలుతురు వస్తోందా అని కొందరు చూస్తుంటారు. ఇది రేడియో, కెమెరాకు కనబడదు.

మన చేతులతో అయ్యేది ఎప్పుడు?

బయట పెట్టించుకున్న సెంట్రల్ లాకింగ్ కిట్టు అయితే, నిస్సంకోచంగా మనమే చేసుకోవచ్చు. కంపెనీ నుంచి సెంట్రల్ లాకు లేకుండా వచ్చిన వ్యాన్లకు మన దగ్గర చాలామంది ఇలాంటి కిట్టే వేయించారు. దాని డబ్బా డాష్‌బోర్డు కింద ఎక్కడో ఉంటుంది, ఒక చిన్న బటనో, లైటు పక్కన స్విచ్చో ఉంటుంది. ఇగ్నిషన్ ఆన్ చేసి ఆ బటన్‌ను చెప్పినన్ని సార్లు నొక్కితే లైటు వెలుగుతుంది లేదా ఇండికేటర్లు కొడతాయి. అప్పుడు రిమోటు బటన్ నొక్కితే కిట్టు దాన్ని నేర్చుకుంటుంది. ఎన్నిసార్లు నొక్కాలన్నది కిట్టుకో లెక్క. డబ్బా మీది మోడల్ నంబరు చూసి దాని కాగితమే వెతకాలి. బండి కంప్యూటరుతో మాట్లాడే స్కానరు అక్కర్లేదు, షోరూముతో సంబంధమే లేదు. నిజానికి షోరూములో ఈ కిట్టును ముట్టుకోరు కూడా.

కంపెనీ రిమోటు అయితే కథ వేరు. ఆ ఎనిమిది సార్లు తిప్పే వీడియో అమెరికాలో తిరిగే ఫోర్డ్ ఈ-సిరీస్ లాంటి వ్యాన్లది. అక్కడ పది సెకన్లలోపు ఎనిమిది సార్లు ఆఫ్ నుంచి ఆన్‌కు తిప్పితే డోరు లాకులు ఒకసారి కొట్టుకుని నేర్చుకునే స్థితిలోకి వెళ్తాయి. నిజమే. మన ఈకోకో, టాటా వింగర్‌కో ఆ లెక్క పెట్టి తిప్పితే ఇగ్నిషన్ స్విచ్చు అరగడం తప్ప ఏమీ జరగదు. పైగా ఆ పద్ధతి కలిపేది డోర్ల రిమోటును మాత్రమే. ఇంజన్ చిప్పు దానికి లొంగదు.

సొంతంగా చేసేటప్పుడు చాలామంది మరిచేది ఒకటుంది. చాలా వ్యవస్థలు నేర్చుకోవడం మొదలుపెట్టగానే పాత రిమోట్లను చెరిపేస్తాయి. డ్రైవరు దగ్గరున్న రిమోటు కలిపేసి సంబరపడితే, ఇంట్లో ఉన్నది మర్నాటి నుంచి పలకదు. అందుకని ఉన్న రిమోట్లన్నీ ఒళ్లో పెట్టుకునే కూర్చోవాలి.

ఆన్‌లైన్‌లో దొరికే చవక కాపీ రిమోట్ల సంగతీ ఇక్కడే చెప్పాలి. నొక్కిన ప్రతిసారీ ఒకే నంబరు పంపే పాత రకం కిట్టులను అవి కాపీ కొడతాయి. మనకు కాపీ కొట్టడం ఎంత తేలికో దొంగకూ అంతే తేలిక. నొక్కిన ప్రతిసారీ నంబరు మారే రోలింగ్ కోడ్ రిమోట్లను అవి కాపీ కొట్టలేవు. ఆ రిమోటును పిల్లలు ఆడుకుంటూ బండికి దూరంగా వందలసార్లు నొక్కితే లెక్క తప్పి బండి గుర్తుపట్టకపోవచ్చు. కొన్నింటిలో బండి పక్కన నిలబడి రెండుసార్లు నొక్కితే లెక్క మళ్లీ కుదురుతుంది. విదేశీ రిమోటు కొనేటప్పుడు వెనకాల 315 అని ఉంటే వదిలేయండి, అది మన 433 బండితో మాట్లాడదు.

కీ మేకరు, షోరూము: అసలు పోటీ ఇక్కడే

చిప్పు కీ పోయినా, రెండో కీ చేయించాలన్నా మిగిలేవి ఈ రెండే. కీ మేకరు మన గుమ్మం ముందుకే వస్తాడు. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్టుకు స్కానరు తగిలిస్తాడు, మిషను మీద కీ పళ్లు కోస్తాడు, చిప్పును బండికి పరిచయం చేస్తాడు. ఉన్న కీ ఒకటి చేతిలో ఉంటే పని సాధారణంగా గంటలోపే అయిపోతుంది, ఖర్చు షోరూము కంటే తక్కువే. రేపు పొద్దున్నే పిల్లల్ని ఎక్కించుకోవాల్సిన వ్యానుకు ఈ గంటే పెద్ద లాభం. షోరూములో అయితే ఛాసిస్ నంబరుతో కంపెనీకి ఆర్డరు పెడతారు, కీ వచ్చేదాకా ఆగాలి. ఆర్‌సీ, గుర్తింపు కార్డు అడుగుతారు. కీ పోయిందంటే పోలీసు స్టేషన్ కాగితం కూడా అడగొచ్చు. వేలల్లో అవుతుంది. ఆఖరికి బండిని అక్కడికే తీసుకెళ్లాలి. ఉన్న ఒక్క కీ పోతే మరి తీసుకెళ్లడం ఎట్లా? తోయించుకునే.

ఇంత చూస్తే కీ మేకరే మేలనిపిస్తుంది. చాలా సందర్భాల్లో మేలే. కానీ మనం కళ్లు తెరుచుకుని పక్కనే నిలబడాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి.

ఒకటి, బండి బ్యాటరీ. ప్రోగ్రామింగ్ మధ్యలో వోల్టేజి పడిపోతే ఇమ్మొబిలైజర్ సగం రాసుకుని ఆగిపోవచ్చు. అప్పుడు కీ ఖర్చు కాస్తా బండి కంప్యూటరు ఖర్చు అవుతుంది. పన్నెండు వోల్టులకు దిగువన ఉన్న బ్యాటరీతో మొదలుపెట్టనివ్వకండి. మంచి వర్క్‌షాపులో పని అయ్యేదాకా బ్యాటరీకి చార్జరు తగిలించి ఉంచుతారు. రోడ్డు మీద ఆ వసతి ఉండదు కాబట్టి, ముందుగా ఇంజన్ కాసేపు నడిపించండి, హెడ్‌లైట్లు, ఫ్యాను ఆపేయండి.

రెండు, చిప్పు. విరిగిన కీని కొత్త ఫ్లిప్ కీ (మడతపడే కీ) డొక్కులోకి మార్చేటప్పుడు పాత డొక్కులోంచి చిప్పు తీయాలి. కొన్నింటిలో అది బియ్యపుగింజంత గాజుగొట్టం, కొన్నింటిలో నల్లటి చిన్న దిమ్మ. ప్లాస్టిక్కు అతుక్కుని ఉంటుంది కాబట్టి, తెలియనివాళ్లు పాత డొక్కుతోపాటు చెత్తలో పారేస్తారు. కొత్త డొక్కు తళతళలాడుతూ డోర్లు తెరుస్తుంది, బండి మాత్రం స్టార్టు కాదు. పాత డొక్కు మన చేతిలో పెట్టేదాకా కీ మేకర్ని కదలనివ్వొద్దు.

మూడు, సెకండ్‌హ్యాండ్ కీ. "ఒరిజినల్ కంపెనీదే అన్నా, ఇంకో బండిది" అంటాడు. చాలా చిప్పులు ఒకసారి ఒక బండికి రాస్తే అక్కడికే అంకితం, వేరే బండికి మళ్లీ రాయడం కుదరదు. కుదిరించే పరికరాలు ఉన్నా, ఆ తలనొప్పి మనకెందుకు?

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. పని అయ్యాక స్కానరులో "మెమరీలో ఎన్ని కీలున్నాయి" అని చూపించమనండి. చేతిలో రెండు కీలుండి, అక్కడ మూడు కనిపిస్తే పోయిన కీ ఇంకా బతికే ఉందని అర్థం. దాన్ని చెరిపించాలి. చెరిపితే అది దొరికినవాడికి బండి స్టార్టు కాదు. ఇనుపముక్కతో డోరు మాత్రం తెరుచుకుంటుంది, కాబట్టి లోపల విలువైనవి ఉంచొద్దు. ఈ చెరిపే పని షోరూములో అడగకుండానే చేస్తారని కూడా అనుకోవద్దు, అక్కడా అడగాలి.

షోరూముకే వెళ్లాల్సిన సందర్భాలూ ఉన్నాయి. బండి ఇంకా వారంటీలో ఉంటే, బయటివాళ్లు వైర్లు కోశారన్న వంక వాళ్లకు దొరకనీయకూడదు. ఉన్న కీలన్నీ పోతే, కొన్ని మోడళ్లకు పిన్ నంబరు కావాలి, దాన్ని కంపెనీ నుంచి తెప్పించగలిగేది డీలరే. బటన్ నొక్కి స్టార్టు చేసే స్మార్ట్ కీ బండ్లకు కూడా నేను షోరూమే అంటాను. కియా కార్లు 2019 నుంచి మన పెనుకొండ పక్కన ఎర్రమంచిలోనే తయారవుతున్నాయి కదా, కార్నివాల్ కీ పోతే ఫ్యాక్టరీ గేటు దగ్గరే అడగొచ్చని ఒకాయన అన్నాడు. నవ్వొచ్చింది గానీ, అక్కడ కీలు అమ్మరు. దారి డీలరు గుండానే.

బెంగళూరు పోతే చవకా?

జేసీ రోడ్డులో దొరకని పార్టు ఉండదన్నది నిజం. ఇక్కణ్నుంచి రెండొందల కిలోమీటర్ల పైన. ట్రిప్పు మీద వ్యాను ఎలాగూ వెళ్తుంటే సరే, కీ డొక్కులు, కొత్త రిమోట్లు అక్కడ చవక. కీ కోసమే వెళ్లడం మాత్రం డీజిలుకు, టోలుకు, ఒక రోజు బాడుగకు నష్టం. కొని తెచ్చుకుని ప్రోగ్రామింగ్ ఇక్కడ చేయించుకుందామంటే, "నువ్వు తెచ్చిన రిమోటుకు నాది గ్యారంటీ లేదు" అంటాడు ఇక్కడి కీ మేకరు. ఆ మాటలో తప్పు లేదు.

నా లెక్క ఇది

పదేళ్లు దాటిన వ్యాను, కంపెనీ రిమోటు బోర్డే కాలిపోయింది, చిప్పు బాగుంది. దానికి వేలు పోసి ఒరిజినల్ రిమోటు తేవడం కంటే, చిప్పున్న పాత కీతోనే నడుపుతూ, డోర్లకు రోలింగ్ కోడ్ ఉన్న కొత్త కిట్టు వేయించడం మేలు. ఫిట్ చేసేవాడిని రెండు అడగండి: వైరు కోసి కలుపుతాడా, సాకెట్టుకు సాకెట్టు తగిలిస్తాడా? కరెంటు లేకపోయినా లోపలి నుంచి చేత్తో డోరు తెరుచుకుంటుందా? పిల్లలు కూర్చునే బండికి ఈ రెండో ప్రశ్న తప్పనిసరి.

ఐదారేళ్ల వ్యాను, చేతిలో ఒక్క చిప్పు కీయే ఉంది అంటే, అది పోకముందే కీ మేకరుతో రెండోది చేయించండి. ఒక కీ ఉన్నప్పటి పని వేరు, ఏదీ లేనప్పటి పని వేరు, ధరా వేరే. కొత్త బండి అయితే ఆలోచన లేకుండా షోరూము. కొత్త బండితో కీ నంబరున్న చిన్న బిళ్ల ఇచ్చి ఉంటే దాన్ని కీ గుత్తికే వేలాడదీయకుండా బీరువాలో పెట్టండి.

ఇన్సూరెన్సు మాట కూడా. బండి దొంగతనమైతే కంపెనీలు సాధారణంగా రెండు ఒరిజినల్ కీలూ అడుగుతాయి. ఒకటి లేదంటే క్లెయిము దగ్గర ప్రశ్నలు మొదలవుతాయి. కాబట్టి విరిగిన కీ అయినా, పలకని రిమోటు అయినా పారేయొద్దు. కొత్తది ఎక్కడ చేయించినా బండి నంబరు వేసి బిల్లు రాయించుకోండి. రోడ్డు మీది కీ మేకరు బిల్లు పుస్తకం లేదంటే తెల్లకాగితం మీదైనా తేదీ, సంతకంతో తీసుకుని ఆర్‌సీ పక్కన పెట్టండి.