రెండు రోజుల ట్రైనింగ్‌కి నా మార్కులు: పదికి ఏడు

నేను హనుమకొండలో ఒక ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్‌లో స్టాఫ్ నర్సుని. పదకొండేళ్ళుగా అదే వార్డు, అదే డ్యూటీ రూము, అదే ఫినాయిల్ వాసన. ఈమధ్య మా మేనేజ్‌మెంట్ నన్నూ మా కౌన్సిలర్‌నూ ఒక ట్రైనింగ్‌కి పంపింది. ట్రాన్స్‌జెండర్ పేషెంట్లు తాగుడు సమస్యతో వస్తే సిబ్బంది ఎలా చూసుకోవాలన్నది సబ్జెక్టు. రెండు రోజులు, మనిషికి 1,200 రూపాయలు, భోజనంతో కలిపి. తిట్లు కూడా రాస్తున్నాను కాబట్టి నిర్వహించిన వాళ్ళ పేరు చెప్పను.

"మేం అందర్నీ ఒకేలా చూస్తాం కదా, ఇందులో నేర్చుకునేదేముంది" అనుకుంటూనే బస్సెక్కాను.

మొదటిరోజు పొద్దున నా అనుమానమే నిజమైంది. స్లైడ్లన్నీ ఇంగ్లీషులో. ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద 2014 సుప్రీంకోర్టు తీర్పు, 2019 చట్టం చకచకా చదివేశారు. పనికొచ్చిన ముక్కలు రెండు: కలెక్టర్ ఇచ్చే ట్రాన్స్‌జెండర్ ఐడీ కార్డుకి ఎలా అప్లై చేయాలి, ఆ కార్డున్న వాళ్ళకి ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల కవరేజీ ఎలా వర్తిస్తుంది. ఒక పెద్ద డాక్టరు గారు వచ్చి గంటసేపు మాట్లాడి, ప్రశ్నలు మొదలయ్యే సరికి కారెక్కేశారు.

మధ్యాహ్నం నుంచి సంగతి మారింది. క్లాసు తీసుకున్నావిడ ట్రాన్స్ మహిళ, నలభై అయిదేళ్ళుంటాయి, చాలాకాలంగా ఫీల్డులో కౌన్సిలింగ్ చేస్తున్నారు. మా అందర్నీ ఓపీ లైనులో నిలబెట్టి, మా కౌన్సిలర్ గారిని చూస్తూ "సావిత్రీ! సావిత్రి ఎవరమ్మా, ముందుకు రా!" అని గట్టిగా కేకేశారు. హాలంతా నవ్వు. ఆ నవ్వులోనే "ఆఖరిసారి ఎప్పుడు తాగావ్?" అని అడిగారు. ఆయన జన్మలో మందు ముట్టలేదు. గాభరాలో "నిన్న" అనేశాడు.

నేను నవ్వలేకపోయాను. పోయిన ఆషాఢంలో మా సెంటర్‌లో అచ్చం ఇలాగే జరిగింది. కల్లు మానేసి మూడో రోజు, ఒళ్ళంతా చెమట, చేతులు వణుకుతూ ఒకావిడ వచ్చారు. ఓపీ అబ్బాయి ఆధార్‌లో ఉన్న మగ పేరు చదివి కేకేశాడు. బెంచీల మీద ఉన్నవాళ్ళందరూ తల తిప్పారు. నేనూ తిప్పాను. కేస్ షీట్ పట్టుకుని వచ్చేలోగా ఆవిడ లేరు. చీటీ మాత్రం బల్ల మీద ఉంది, పేరు దగ్గర పెన్నుతో మూడు గీతలు కొట్టేసి. మా వైపు కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రజోలం లాంటి మత్తుమందులు కలుపుతారు. అది ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వస్తాయి, మతి చెదురుతుంది. ఆవిణ్ణి అలా పంపేయకూడదని నాకు తెలుసు. ఇంతకాలం ఆ తప్పు ఓపీ అబ్బాయిదే అనుకున్నాను.

పిలుపు గురించి మేడం ఒక చిట్కా చెప్పారు. ఎదురుగా ఉన్నప్పుడు "మీరు" అంటాం, సరిపోతుంది. అసలు తిప్పలు మనలో మనం మాట్లాడుకునేటప్పుడు: "వచ్చాడా? వచ్చిందా?" అని. "వచ్చారు" అంటే సరి, మన భాషలో దారి ముందే ఉంది అన్నారు. పదకొండేళ్ళ సర్వీసులో నాకు తట్టలేదు.

తాగుడు ఎందుకు అన్న దగ్గర ఆవిడ ఎక్కువసేపు ఆగారు. పొద్దున్నే ఒక క్వార్టర్ పడకపోతే దుకాణాల ముందు చప్పట్లు కొట్టడానికి చేతులు లేవవు అన్నారు. అలాంటి మనిషితో "మానెయ్" అంటే రేపటి కూడు మానెయ్ అన్నట్టే వినపడుతుందట. అందుకే ముందు ఏ టైములో, ఎవరితో, ఏం తిని తాగుతున్నారో అడగమన్నారు. ఒంటరిగా తాగొద్దు, ఖాళీ కడుపుతో తాగొద్దు అన్న చోట మొదలుపెట్టినా ఫర్వాలేదట. చేలా, అంటే శిష్యురాలి చేత తాగుడు మాన్పించాలని గురువు చెప్పకుండా కూరలో డైసల్ఫిరామ్ (తాగితే ఒంటికి పడకుండా చేసే మాత్ర) కలపడం కూడా ఉందట. భర్తల కూరలో కలిపే భార్యలు మాకు బాగా తెలుసు. ఆ పైన మందు తాగితే ప్రాణం మీదికొస్తుందని వాళ్ళకి చెప్పినట్టే వీళ్ళకీ చెప్పాలి.

నా పనికి నేరుగా అక్కరకొచ్చింది మందుల క్లాసు. ట్రాన్స్ మహిళలు చాలామంది ఒళ్ళు ఆడవాళ్ళలా మారాలని, డాక్టర్ని చూడకుండా మెడికల్ షాపులో గర్భనిరోధక మాత్రలు (వాటిలో ఆడ హార్మోన్లుంటాయి) కొని రోజుకి రెండు మూడు మింగుతారు. దానికి సిగరెట్ తోడైతే కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. మగ హార్మోన్‌ని అణిచే సైప్రోటిరాన్ వాడుతూ తాగితే లివర్‌కి రెండు వైపులా దెబ్బ. కాబట్టి హార్మోన్ల గురించి అడగాలి, ఎందుకు అడుగుతున్నామో ముందే చెప్పాలి. ఆపరేషన్ అయిందా లేదా అన్నది చికిత్సకి అవసరం లేకపోతే అడగక్కర్లేదు. చేతి వణుకు చూడ్డానికి దానితో పనేముంది?

ఎక్కడికి పంపాలి అన్న లిస్టు మాత్రం చిన్నది. 2021లో హైదరాబాద్ నారాయణగూడలో ట్రాన్స్‌జెండర్ల కోసం మొదలైన మిత్ర్ క్లినిక్ గురించి చెప్పారు. 2025 జనవరిలో అమెరికా నిధులు ఆగి అది మూతపడింది, తర్వాత సబ్‌రంగ్ పేరుతో మళ్ళీ తెరిచారు. హనుమకొండ నుంచి నారాయణగూడ అంటే పోనూ రానూ ఒక రోజు కూలి పోయినట్టే. మిగతావి ఫోన్ నంబర్లు: మత్తు సమస్యకి 14446, మానసిక సమస్యకి టెలీ మానస్ 14416.

మూడు మార్కులు ఎక్కడ కోశానంటే, ఒకటి ఆ ఇంగ్లీషు స్లైడ్లకి. ఒకటి సర్టిఫికెట్ల ఫొటోలకి, నలభై నిమిషాలు తినేశాయి. మూడోది నా ప్రశ్నకి. మా దగ్గర మగవాళ్ళ వార్డులో 24 బెడ్లు, ఆడవాళ్ళ వార్డులో 6. ట్రాన్స్ మహిళ అడ్మిట్ అయితే ఏ వార్డు? ఆవిణ్ణే అడగమన్నారు మేడం. వచ్చిన పేషెంటు ఆడవాళ్ళ వార్డు అంటారు, అక్కడున్న పేషెంట్ల వాళ్ళు గొడవ చేస్తే రాత్రి రెండింటికి డ్యూటీలో ఒక్కదాన్నే ఉన్న నేనేం చేయాలి అన్నాను. "మీ యాజమాన్యంతో మాట్లాడండి" అని నిర్వాహకులు మైకు తీసేసుకున్నారు.

ఈ ట్రైనింగ్‌కి మీ వాళ్ళని పంపిస్తే డాక్టర్ల కంటే ముందు ఓపీ కౌంటర్ వాళ్ళని, ఆయాలని, సెక్యూరిటీని పంపండి. నీళ్ళ బాటిల్ వెంట ఉండాలి. భోజనం బాగుంది, గోంగూర పప్పు రెండుసార్లు వేయించుకున్నాను.

వచ్చిన వారమే ఓపీ చీటీ మీద "మిమ్మల్ని ఏమని పిలవాలి?" అని ఒక రబ్బరు స్టాంపు వేయించాం. ముందుగా దాన్ని వాడుకున్నది పరకాల నుంచి వచ్చిన ఒక రైతు. "లచ్చన్నా అనుండ్రి, పూర్తి పేరు పిలిస్తే బ్యాంకోళ్ళు యాదికొస్తరు" అన్నాడు.

బెడ్ సంగతి ఇంకా తేలలేదు. మెట్ల పక్కన ఆక్సిజన్ సిలిండర్లు, విరిగిన వీల్‌చైర్ పెట్టే చిన్న గది ఉంది. బాత్రూమ్ కూడా ఉంది. ఖాళీ చేయించమని రాతపూర్వకంగా ఇచ్చాను. దసరా తర్వాత చూద్దాం అన్నారు.