గ్రోత్ హార్మోన్ టెస్టు: రెండు చోట్ల చేయించుకున్నాను

ముందుగా ఒక మాట. హెల్త్ ప్యాకేజీలో గ్రోత్ హార్మోన్ అని కనిపిస్తే దాని కోసం డబ్బు పెట్టకండి. నేను పెట్టాను. పరగడుపున ఒక్కసారి రక్తం తీసి 0.1 అని రిపోర్టు చేతిలో పెట్టారు, పక్కన ఒక్క ముక్క వివరణ లేదు. వారం రోజులు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

ఆ అంకెకు అర్థమే లేదని తర్వాత ఎండోక్రైన్ (హార్మోన్ల) డాక్టరు గారు చెప్పారు. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ఈ హార్మోన్‌ను అలలు అలలుగా వదులుతుంది. పెద్ద అల వచ్చేది గాఢనిద్ర పట్టిన కాసేపటికి. మెదడు నుంచి వచ్చే రెండు హార్మోన్లలో జీహెచ్ఆర్‌హెచ్ వదలమంటుంది, సొమాటోస్టాటిన్ ఆపేస్తుంది. రెండు అలల మధ్య ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ దాదాపు సున్నాయే.

అయితే నా స్కాన్‌లో పిట్యూటరీ దగ్గర చిన్న మచ్చ ఉంది కాబట్టి, వేరే సెంటర్‌లో ఇన్సులిన్ టాలరెన్స్ టెస్టు రాశారు. కిలో బరువుకు 0.1 యూనిట్ చొప్పున నరంలోకి ఇన్సులిన్ ఇచ్చి, షుగర్ 40 కంటే కిందికి దించుతారు. గ్రంథి బాగుంటే ఆ దెబ్బకు గ్రోత్ హార్మోన్ ఎగదన్నాలి. దాదాపు అరగంటకు నాకు చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, విపరీతమైన ఆకలి. నర్సు నా మంచం పక్క నుంచి కదల్లేదు. "కళ్లు మూసుకోకండమ్మా, నాతో మాట్లాడండి" అంటూనే రక్తం తీసింది. ఆవిడ వల్లే ధైర్యంగా ఉండగలిగాను. మొదట 0.2 ఉన్నది 60వ నిమిషానికి 11.4 అయింది. 5 దాటితే చాలట.

లోపమూ చెప్పాలి. వాళ్లిచ్చిన సూచనల కాగితంలో మందుల ఊసే లేదు. నేను మైగ్రేన్‌కు ప్రొప్రనొలాల్ వాడతాను. అది షుగర్ పడిపోయినప్పుడు వచ్చే గుండెదడను కప్పేస్తుంది, పైగా గ్రోత్ హార్మోన్‌ను ఎక్కువ చేసి చూపిస్తుంది. నేనే ఫోన్ చేసి అడిగితే, డాక్టరు గారు మెల్లగా తగ్గించి ఆపించి, తేదీ మార్చారు. ఫిట్స్, గుండెజబ్బు ఉన్నవాళ్లకు ఈ టెస్టు ప్రమాదమని కూడా అందులో రాయలేదు. ఇది చిన్న విషయం కాదు.

మాసిమొరెలిన్ అని తాగే మందు ఉంది, గ్రెలిన్ అనే ఆకలి హార్మోన్ లాగా పనిచేసి గ్రోత్ హార్మోన్‌ను వదిలిస్తుంది, షుగర్ దించక్కర్లేదు. అమెరికాలో 2017లో అనుమతి వచ్చింది. ఈ సెంటర్‌లో లేదు, తెప్పిస్తే చాలామందికి ఈ బాధ తప్పుతుంది.

నర్సుకు ఐదు స్టార్లు, కాగితానికి ఒకటి. వెళ్లేవాళ్లు తోడుగా ఒకరిని తీసుకెళ్లండి, ఆ రోజు బండి నడపకూడదు.