గూగుల్ గ్రూప్స్‌తో డ్రైవ్ షేరింగ్: కాలేజీ ఆఫీసుకు ఎంతవరకు పనికొస్తుంది?

నల్గొండ, మిర్యాలగూడ వైపు చిన్న ప్రైవేటు కాలేజీలో అడ్మిషన్ అయిందంటే పిల్లల ఆధార్, బ్యాంకు ఖాతా, కులం, ఆదాయం సర్టిఫికెట్లు, ఇంటివాళ్ల ఫోన్ నంబర్లు అన్నీ ఒకే గూగుల్ షీట్‌లో పడతాయి. ఈపాస్ (ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల పోర్టల్) పనికి ఆఫీసుకు అవి కావాలి. హాస్టల్ వార్డెన్‌కు మాత్రం ఫోన్ నంబరు చాలు. ఎవరికెంత చూపించాలో తేల్చడానికి, కొందరిని ఒకే మెయిల్ అడ్రసు కిందికి చేర్చే గూగుల్ గ్రూప్స్ ఉచితంగా దొరికే మంచి సాధనమే. కాకపోతే మెలికలున్నాయి.

ఆఫీసు, లెక్చరర్లు, హాస్టల్ అని మూడు గ్రూపులు తెరిచి, మనం పిలిచినవాళ్లే చేరేలా సెట్టింగు పెట్టాలి. డ్రైవ్‌లో షేర్ నొక్కాక మనిషి మెయిల్ కాదు, గ్రూపు మెయిల్ ఇవ్వాలి. జనరల్ యాక్సెస్ 'రిస్ట్రిక్టెడ్'లోనే, అంటే మనం చేర్చినవాళ్లకే తెరుచుకునేలా ఉండాలి. 'ఎనీవన్ విత్ ది లింక్' (లింకు దొరికిన ఎవరికైనా) అని ఉంటే గ్రూపులెన్ని పెట్టినా తలుపు తెరిచి గొళ్లానికి తాళం వేసినట్టే. అక్కడే పళ్లచక్రం గుర్తు నొక్కి, ఎడిటర్లు (ఫైలు మార్చగలిగేవాళ్లు) ఇతరులకు షేర్ చేసే టిక్కు తీసేయాలి. అది ముందే వేసి ఉంటుంది.

లెక్చరర్ మానేస్తే గ్రూపులోంచి పేరు తీస్తే సరి, ఆ గ్రూపుకిచ్చిన ఫైళ్లన్నీ ఆయనకు మూతపడతాయి. అంతకుముందు ఆయన సొంత మెయిల్‌కు విడిగా ఇచ్చి ఉంటే మాత్రం అది అలాగే నిలుస్తుంది. రెండు దారుల్లో అనుమతి ఉంటే పెద్దదే చెల్లుతుంది.

అసలు లోపం వేరే ఉంది. అనుమతి ఫైలు మొత్తానికే, కాలమ్‌కు కాదు. ఆధార్ కాలమ్ దాచిపెట్టి వ్యూయర్‌గా (చూడటానికి మాత్రమే) ఇచ్చినా, వాళ్లు కాపీ చేసుకుని తెరిస్తే కనిపిస్తుంది. కాబట్టి ఫోన్ నంబర్ల షీట్ వేరే ఫైలుగా ఉండాలి. ఒక షీట్‌లోని గడులను ఇంకో షీట్‌లోకి లాగే ఇంపోర్ట్‌రేంజ్ ఫార్ములాతో కలుపుతామంటే జాగ్రత్త: ఒకసారి అనుమతిచ్చాక, ఆ రెండో షీట్‌లో ఎడిటర్ ఎవరైనా అసలు షీట్‌లోంచి ఏ గడినైనా లాగగలరు. హాస్టల్ గ్రూపును అక్కడ వ్యూయర్‌గానే ఉంచాలి.

ఫోల్డర్‌దీ అదే తంతు. లెక్చరర్లకు ఇచ్చిన ఫోల్డర్‌లో స్కాలర్‌షిప్ ఫైలు పొరపాటున వేస్తే వాళ్లందరికీ తెరుచుకుంటుంది. వార్డెన్ దగ్గర గుర్తింపు కాపీ ఉండి తీరాలంటే చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ తీసుకోవచ్చు.

డౌన్‌లోడ్, ప్రింట్ ఆపినా ఫోన్‌తో ఫొటో తీయడం ఆగదు. మామూలు జీమెయిల్ ఖాతాలో ఫైలు ఎవరు తెరిచి చూశారో కూడా తెలియదు, మార్పులు చేసినవాళ్లే కనిపిస్తారు. షీట్ ఓనరుగా కంప్యూటర్ ఆపరేటర్ సొంత మెయిల్ ఉందేమో ముందుగా చూసుకోండి. ఉంటే, ఆయన మానేసిన రోజున గ్రూపుల్లోంచి పేరు తీసినా తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది.