మూడేళ్లు ఒకే టీచర్ దగ్గర: విశాఖలో మా పాప ప్రైమరీ చదువు గురించి

మా పాప ఇప్పుడు నాలుగో తరగతి. 2022లో ఒకటో తరగతిలో చేరింది. మూడో తరగతి అయ్యేదాకా తెలుగు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం ఒక్క టీచరు గారే చెప్పారు. మురళీనగర్ వైపు, ఐదో తరగతి వరకే ఉన్న చిన్న ప్రైవేటు బడి. బడి పేరు, ఆవిడ పేరు రాయడం లేదు. ఆవిడ ఇప్పుడు అక్కడ లేరు కూడా, ఆ సంగతి తర్వాత చెప్తాను. చిన్నపిల్లలకి టీచర్ని వెతికేవాళ్లకి పనికొస్తుందని ఆవిడ దగ్గర ఏం బావుంది, ఏం బాలేదు అన్నది రాస్తున్నాను.

మేం వెతుకుతున్నప్పుడు అందరూ బడుల గురించే చెప్పారు. ఎంవీపీ కాలనీలో ఫలానాది బావుందట, సీతమ్మధారలో ఇంకోదానికి పెద్ద పేరట, అక్కయ్యపాలెంలో ఉన్నదాని బస్సు మా వీధిలోకే వస్తుందట. అక్కడ ఒకటో తరగతికి ఎవరు చెప్తారు అంటే మాత్రం ఎవరికీ తెలీదు. మా మామగారిది విజయనగరం పక్క పల్లె. "ఒకటో తరగతికి ఏ బడైతే ఏటమ్మా, చెప్పే మనిషిని చూడాల గానీ" అన్నారు. ఆ చెప్పే మనిషిని చూపించమంటేనే బడులవాళ్లకి ఇబ్బంది. రిసెప్షన్‌లో కూర్చోబెడతారు, ఫీజు కాగితం ఇస్తారు, ఏసీ గదులు చూపిస్తారు. ఒక చోట ఆరేళ్ల పిల్లలకి ఐఐటీ ఫౌండేషన్ అని బోర్డు. ఇంకో చోట పాపని లోపలికి పిలిచి రైమ్ చెప్పించుకుని, రంగుల పేర్లు అడిగి, తర్వాత మమ్మల్ని ఏం చదువుకున్నారని అడిగారు. విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని గానీ తల్లిదండ్రుల్ని గానీ ఇలా వడపోయకూడదు. దాన్ని 'ఇంటరాక్షన్' అంటే సరిపోతుందని వాళ్ల లెక్క కాబోలు.

కొన్నాళ్లకి నేను ప్రశ్నలన్నీ మానేసి ఒకటే అడగడం మొదలుపెట్టాను: పోయినేడాది ఒకటో తరగతి పిల్లలవి, ఏ ఇద్దరివైనా సరే, తెలుగు నోట్‌బుక్కులు చూపించండి అని. ఒక పెద్ద బడిలో చూపించారు. చక్కటి అట్టలు, చక్కటి రాత, పేజీకో స్టారు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా ఒకటే. బోర్డు మీద రాసింది దించుకున్నారన్నమాట. ఆరేళ్ల పిల్లల పుస్తకంలో ఒక్క తప్పు కూడా లేదంటే అందులో పిల్లలు సొంతంగా రాసింది ఏమీ లేదనే అనుకోవాలి.

మురళీనగర్ బడిలో ఒక పుస్తకంలో "మా నాన్న ఆటో కడిగాడు" అని ఉంది. ఇంకోదాంట్లో "మా పిలి పిల్లల్ని పెటింది" అని. 'పిలి'కీ 'పెటింది'కీ కింద ఎర్ర గీతలు, పక్కన సరైన మాటలు, మర్నాటి పేజీలో అదే వాక్యం పిల్లాడు మళ్లీ సరిగ్గా రాసింది. ఇంటూ మార్కు ఎక్కడా లేదు. హెడ్‌మిస్ట్రెస్ గారిని అడిగితే వెనక బెంచీలో కాసేపు కూర్చోనిచ్చారు. అదే రోజు అడ్మిషన్ తీసుకున్నాం. ఫీజు పెద్ద బడుల్లో సగం కూడా లేదు. అందుకే చేర్పించామని చుట్టాలు ఇప్పటికీ అనుకుంటూ ఉంటారు.

ఇక ఆవిడ చెప్పే తీరు. మామూలుగా అ నుంచి ఱ దాకా వరసగా దిద్దించి, తర్వాత గుణింతాలు, తర్వాత ఒత్తులు, అవన్నీ అయ్యాకే మాటలు. ఈవిడ అ, ల, వ, ప, డ ఇలా కొన్ని అక్షరాలే ముందు తీసుకుని, వాటితోనే వెంటనే అల, వల, పడవ చదివించారు. వైజాగ్ పిల్లలకి వీటి అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. సంక్రాంతి సెలవులకల్లా పాప బస్సుల మీద పేర్లు కూడబలుక్కుని చదివేది. గాజువాక, సింహాచలం వచ్చేసేవి. అక్కయ్యపాలెం దగ్గర ఆగిపోయేది, ఒత్తులు ఇంకా చెప్పలేదు కదా. వేసవికి అదీ వచ్చింది.

క్లాసులో పిల్లలు ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడతారు. "రాసీసేను టీచర్", "ఇదేటి టీచర్" అని. ఆవిడ నవ్వరు, మధ్యలో ఆపి దిద్దరు. రాసేటప్పుడు ఎలా రాయాలో మాత్రం చూపిస్తారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, కంచరపాలెం నుంచి వచ్చే ఒక పిల్లాడు మొదట్లో నోరు విప్పేవాడే కాదట. వాళ్లమ్మ నాతో చెప్పింది.

నాకు బాగా గుర్తుండిపోయింది తీసివేతలు. రెండో తరగతిలో 52 లోంచి 27 తీసేయమంటే పాప 35 వేసింది. పిల్లలు చాలామంది ఇలాగే చేస్తారు. పైన ఉన్నది రెండు, కింద ఉన్నది ఏడు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచే రెండు తీసేసి ఐదు వేసేస్తారు. ఆవిడ తప్పు అనలేదు. "అయితే పుల్లలతో చేసి నాకు చూపించు" అన్నారట. క్లాసులో ఐస్‌క్రీం పుల్లలు పదేసి చొప్పున రబ్బరు బ్యాండుతో కట్టి డబ్బాలో ఉంటాయి. పాప ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు పెట్టుకుంది. ఏడు తీయాలి, విడిగా ఉన్నవి రెండే. కాసేపు చూసి తనే ఒక కట్ట రబ్బరు బ్యాండు లాగేసింది. ఇప్పుడు విడివి పన్నెండు, ఏడు పోతే ఐదు. మిగిలిన నాలుగు కట్టల్లో రెండు తీస్తే రెండు. మొత్తం 25. సాయంత్రం ఇంట్లో నేను మా చిన్నప్పటి పద్ధతిలో, పక్కంకె దగ్గర ఒకటి అప్పు తెచ్చుకో అని మొదలుపెడితే, "అప్పెందుకమ్మా, కట్ట విప్పితే సరిపోతుంది" అంది. ఆ తర్వాత తీసివేతలు నేను చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఆవిడ చదివింది డీఎడ్, భీమిలి డైట్‌లో, అంటే ప్రభుత్వ టీచర్ ట్రైనింగ్ కాలేజీలో. ఎమ్మెస్సీ బీఎడ్ ఉన్న టీచర్లు కావాలని అడిగే తల్లిదండ్రులకి ఇది తక్కువగా అనిపిస్తుంది. కానీ చిన్నపిల్లలకి ఎలా చెప్పాలన్నది నేర్పేదే ఆ రెండేళ్ల కోర్సు. ప్రైమరీ టీచర్ పోస్టులకి బీఎడ్ అర్హత కాదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా తేల్చేసింది. టీచర్ గురించి అడిగేటప్పుడు డిగ్రీల సంఖ్య కాకుండా ఈ కోర్సు ఉందా, టెట్ (టీచర్ అర్హత పరీక్ష) పాసయ్యారా అని అడగండి.

బాగోనివి కూడా ఉన్నాయి. ఎక్కాలు ఆవిడకి పట్టవు. మూడో తరగతి అయిపోయేసరికి మా పాపకి ఏడో ఎక్కం గడగడా రాదు. అర్థమైతే చాలు అంటారావిడ. నేను ఒప్పుకోను. గుణకారాలు, భాగహారాలు వచ్చేసరికి ఎక్కం నోటికి రాని పిల్లకి టెన్షన్ తప్పదు, నాలుగో తరగతిలో అదే జరిగింది. లెక్కలు త్వరగా చేసేసిన పిల్లలకి ఇంకేం పని ఉండదు, పక్కవాళ్లతో కబుర్లే. ఇంగ్లిష్ చదవడం వచ్చింది గానీ మాట్లాడటం దాదాపు లేదు. పెళ్లిలో మా ఆడపడుచు కొడుకు ఇంగ్లిష్‌లో టకటకా సమాధానాలు చెప్తుంటే మా పిల్ల నా చీర చెంగు పట్టుకుని నిలబడింది. నాకైతే దిగులేం లేదు, మా ఆయన మాత్రం ఆ రాత్రంతా బడి మార్చేద్దామనే.

ఇంకోటి. విద్యాహక్కు చట్టం ప్రైమరీలో 30 మందికి ఒక టీచరు ఉండాలంటుంది. మామూలు రోజుల్లో క్లాసు దానికి అటూ ఇటూగానే ఉండేది. కానీ ఇంకో టీచరు సెలవు పెడితే రెండు క్లాసుల్నీ ఒక గదిలో కూర్చోబెట్టేవారు. ఆ రోజు చదువు లేనట్టే. టీచరు గారు కొట్టరు (చట్టం 17వ సెక్షన్ ఎలాగూ ఒప్పుకోదు), కానీ అలాంటి రోజుల్లో గట్టిగా కేకలేసేవారని పాప చెప్పేది. వాట్సాప్ గ్రూపు లేదు, డైరీ ఒక్కటే. రోజూ ఫోటోలు చూడాలనుకునేవాళ్లకి ఈ బడి నచ్చదు.

హోంవర్క్ రెండో తరగతి దాకా ఇవ్వలేదు. 2020లో కేంద్రం తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం చెప్పేది కూడా అదే. ట్యూషన్ అడిగితే ఆవిడ ఒప్పుకోలేదు. టీచర్లు ప్రైవేటు చెప్పకూడదని చట్టంలోనే ఉంది, పాటించేవాళ్లని చూడటం నాకు ఇదే మొదటిసారి. ఒకసారి క్లాసు మొత్తాన్ని బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియానికి తీసుకెళ్లారు. మర్నాడు చూసినదాంట్లో ఏదైనా ఒకటి రాయమంటే మా పాప "లోపల మంచాలు చిన్నవి. మా మామయ్య పట్టడు" అని రాసింది. దాని కింద ఎర్ర గీత ఒక్కటీ లేదు.

మూడో తరగతి ముగిసేసరికి ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవాలి, మామూలు లెక్కలు చేయాలి అన్నది 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యం. ఆ కొలతతో చూస్తే చదువులో మా పాప బాగా ముందుంది, లెక్కల్లో సరిపోయింది. ఇప్పుడు కథల పుస్తకం ఇస్తే మూల కూర్చుని తనే చదువుకుంటుంది. ఇదంతా ఆవిడ చలవే.

పాప నాలుగో తరగతికి వచ్చాక కూడా టీచరు గారు వాళ్లకే చెప్తారని అనుకున్నాం. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ల ఎంపిక పరీక్ష) వచ్చింది. ఆవిడకి ఎస్జీటీ (ప్రైమరీ టీచర్) ఉద్యోగం వచ్చింది, మన్యం ఏజెన్సీలో పోస్టింగ్. దసరా దాటాక ఆవిడ లేరు. తప్పు పట్టడానికేం లేదు. చిన్న ప్రైవేటు బడి ఇచ్చే జీతానికీ గవర్నమెంటు జీతానికీ పొంతనే ఉండదు. బాగా చెప్పే డీఎడ్ టీచర్లు డీఎస్సీ వచ్చేదాకానే ప్రైవేటులో ఉంటారు. ఆవిడ తర్వాత ఒకరు వచ్చి వెళ్లిపోయారు, ఇప్పుడున్న ఆవిడ బోర్డు మీద రాసి దించుకోమంటారు. ఎక్కాలు మాత్రం గట్టిగా వల్లె వేయిస్తున్నారు, అది మంచిదే.

కాబట్టి ఇలాంటి టీచరు దొరికితే చేర్పించండి, కానీ మూడేళ్లూ ఉంటారని లెక్క వేసుకోకండి. మాకు దొరకడం అదృష్టం. బడికి వెళ్లడం ఫిబ్రవరిలో అయితే మంచిది. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యాక క్లాసు చూడనివ్వరు, అడ్మిషన్ల మనుషులే మాట్లాడతారు. టీచరు గారు డీఎస్సీకి చదువుతున్నారా అని మాత్రం అడగకండి. అడిగినా చెప్పరు.

మా చిన్నాడికి వచ్చే జూన్‌లో ఒకటో తరగతి. ఈసారి మా ఇంటి దగ్గర జీవీఎంసీ (విశాఖ కార్పొరేషన్) ప్రైమరీ స్కూల్ కూడా చూస్తున్నాం. అక్కడున్నది డీఎస్సీలో వచ్చిన టీచరే, కాబట్టి మధ్యలో ఉద్యోగం మారిపోయే గొడవ లేదు. బదిలీ ఎప్పుడు రావొచ్చో, ఐదు తరగతులకీ కలిపి ఎంతమంది టీచర్లున్నారో కనుక్కోవాలి. మా ఆయన ఇంకా ఒప్పుకోలేదు.