పదకొండేళ్లుగా ఇన్‌స్క్రిప్ట్‌తోనే తెలుగు టైపింగ్: నా అనుభవం

2014లో నాన్నకు కంటిశుక్లం ఆపరేషన్ అయింది. తెనాలి నుంచి ఫోన్ రాగానే బంధువుల గ్రూపులో ఒక వాక్యం పెట్టాను. అప్పట్లో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగులోకి మార్చే యాప్ ఒకటి వాడేవాణ్ణి. నేను కళ్లు అనుకుని కొట్టాను, అది "కల్లు" అని రాసింది. టెన్షన్‌లో చూసుకోకుండా పంపేశాను. కట్టు విప్పాక నాన్న ఆ మెసేజ్ చదివారు. ఆయన ముప్పై ఏళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పిన మనిషి. "ఏరా, ళ నువ్వు మర్చిపోయావా, నీ ఫోను మర్చిపోయిందా?" అని అడిగారు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగారు.

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆలోచిస్తే అర్థమైంది: ళ రాయాలా, ల రాయాలా అన్నది నేను నిర్ణయించడం మానేసి చాలా కాలమైంది. ఇంగ్లీషులో ఏదో ఒకటి కొట్టడం, కింద వచ్చే నాలుగు పదాల్లో దగ్గరగా ఉన్నదాన్ని నొక్కడం, అంతే. మళ్లీ, మల్లి, మల్లె అన్నీ ఒకే చోట నుంచి వచ్చేవి. పండుకు, పాండుకు తేడా నా వేలికి తెలియదు. తెలుగు రాస్తున్నానని అనుకుంటున్నాను గానీ, తెలుగును ఇంగ్లీషు స్పెల్లింగులోకి మార్చి ఇస్తుంటే ఇంకెవరో దాన్ని తెలుగులో రాసిపెడుతున్నారు.

ఆ నెలలోనే కంప్యూటర్‌లో ఇన్‌స్క్రిప్ట్‌కి మారాను. అప్పటి నుంచి నా ఉత్తరాలు, వ్యాసాలు, వికీపీడియాలో దిద్దుబాట్లు, ఇంటి లెక్కల నోట్సు అన్నీ దాంతోనే. ఇన్నేళ్లు వాడాక రాస్తున్న సమీక్ష ఇది.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. ఇన్‌స్క్రిప్ట్ అంటే యాప్ కాదు, ఏ కీ మీద ఏ అక్షరం ఉండాలో చెప్పే అమరిక. కంప్యూటర్లలో భారతీయ లిపుల కోసం 1991లో భారత ప్రమాణాల సంస్థ తెచ్చిన ఇస్కీ ప్రమాణంలోనే ఇది కూడా ఉంది. విండోస్‌లో తెలుగు భాషను చేర్చుకుంటే ఉచితంగా వస్తుంది, లినక్స్‌లోనూ ఉంటుంది. విడిగా కొనాల్సిందేమీ లేదు.

దీనిలో హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు ఉంటాయి, గుణింతపు గుర్తులు ఎడమచేతి వైపు. మధ్య వరుసలో కుడిపక్కన వేళ్లు ఆనిన చోటే ప, ర, క, త, చ, ట. ఎడమపక్కన ఓత్వం, ఏత్వం, పొల్లు, గుడి, కొమ్ము. షిఫ్ట్ పట్టుకుని క నొక్కితే ఖ, త నొక్కితే థ. షిఫ్ట్‌తో గుడి నొక్కితే ఇ, కొమ్ము నొక్కితే ఉ. అంటే మనం ఒకటో తరగతిలో పలక మీద నేర్చుకున్న వర్ణమాల, గుణింతమే కీబోర్డు మీద పరిచినట్టు ఉంటుంది. "తెలుగు" అని కొట్టి చూడండి: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. కుడి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, ఎడమ. చేతులు తాళం వేసినట్టు పోతాయి. నాకు దీని మీద ఇష్టం మొదలైంది ఆ పదం దగ్గరే.

మొదటి వారం మాత్రం నరకం. ఆఫీసులో ఇంగ్లీషు చకచకా కొట్టే చేతులు తెలుగు దగ్గరకొచ్చేసరికి ఒక్కో అక్షరం వెతుక్కున్నాయి. బెంగళూరు ఎస్పీ రోడ్డులో కీబోర్డు స్టిక్కర్ల కోసం తిరిగితే తెలుగువి దొరకలేదు, కన్నడవి దొరికాయి. షాపతను అవే తీసుకోమన్నాడు. ఇంటికొచ్చి అంటించాక చూస్తే ఒక్క అక్షరం స్థానం తప్పలేదు. కన్నడ క ఉన్న చోటే తెలుగు క, కన్నడ త ఉన్న చోటే తెలుగు త. లిపులు కూడా అక్కచెల్లెళ్లు కాబట్టి చదువుకోవడానికి ఇబ్బంది లేదు. ఆ తర్వాత మా ఆఫీసులో ఒక కన్నడ మిత్రుడు నా కుర్చీలో కూర్చుని, నా తెలుగు కీబోర్డు మీద చూడకుండా తన ఊరి పేరు తెలుగు లిపిలో కొట్టాడు. ఆయనకు తెలుగు చదవడం పూర్తిగా రాదు. హిందీకి, తమిళానికి, బెంగాలీకి అన్నిటికీ ఇదే అమరిక. ఇంత మంచి ఏర్పాటు మన చేతిలో ఉండీ బడుల్లో పిల్లలకు చెప్పకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

నేర్చుకునే పద్ధతి గురించి ఒక్క మాట. వర్ణమాల వరసగా కొడుతూ కూర్చోవద్దు, విసుగొస్తుంది. మధ్య వరుస దాటకుండా వచ్చే పదాలతో మొదలుపెట్టండి: పత్రిక, చురుకు, చిట్టి, తోట, చేప, పరుపు, కుక్క. ఈ ఏడు పదాలూ చూడకుండా వచ్చిన రోజు సగం పని అయిపోయినట్టే. నేను రోజుకు ఇరవై నిమిషాలు చొప్పున కొట్టాను. మూడో వారానికి స్టిక్కర్లు చూడటం తగ్గింది, రెండు నెలలకు పాత పద్ధతి వేగం వచ్చేసింది. ఇప్పుడు నిమిషానికి ఇరవై ఎనిమిది పదాల దాకా కొడతాను. తెలుగు పదాలు పొడుగు కాబట్టి ఇది తక్కువేమీ కాదు.

వేగానికి ఒక కారణం తలకట్టు. పడవ అనాలంటే ప, డ, వ మూడే దెబ్బలు. ఇంగ్లీషు అక్షరాల్లో అదే పదానికి ఆరు కావాలి. కలవరం అనే పదానికి ఇక్కడ అయిదు, ఇంగ్లీషు అక్షరాల్లో తొమ్మిది. అ అనే ధ్వని హల్లులోనే ఉందని మన లిపికి తెలుసు, ఈ అమరికకూ తెలుసు. విద్యార్థి లాంటి సంయుక్తాక్షరాల దగ్గర మాత్రం లాభం లేదు, పది దెబ్బలు పడతాయి. అయినా అక్కడ వచ్చింది థ అని నాకు ఖచ్చితంగా తెలుసు, ఎందుకంటే షిఫ్ట్ పట్టుకున్నది నా వేలే.

ఇంకో లాభం నేను ముందు ఊహించనిది. కంప్యూటర్ లోపల తెలుగు అక్షరం ఎలా కూర్చబడుతుందో చేతికి తెలిసిపోతుంది. బ్యాక్‌స్పేస్ నొక్కితే అక్షరం మొత్తం పోదు, చివర పెట్టిన గుర్తొక్కటే పోతుంది. చేసాడు అని కొట్టి చేశాడు చేయాలంటే ఎక్కడి దాకా వెనక్కి వెళ్లాలో వేలికి తెలుసు. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అనే ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లు ఆగిపోతున్నాయని ప్రపంచమంతా గోల అయింది గుర్తుందా? జ, పొల్లు, ఞ, మధ్యలో కనిపించని విడదీసే గుర్తు, ఆపైన దీర్ఘం. ఆ వరస దగ్గర ఫోన్ సాఫ్ట్‌వేర్ తడబడింది. ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది. ఆ వార్త చదివినప్పుడు నా స్నేహితులకు అది వింతలా అనిపించింది. నాకు మాత్రం ఆ అయిదు ముక్కలూ ఒక్కొక్కటిగా కనిపించాయి.

ఆ కనిపించని గుర్తు రోజూ పనికొస్తుంది. సాఫ్ట్‌వేర్, ఫేస్‌బుక్ లాంటి మాటల్లో పొల్లు తర్వాత అది పెట్టకపోతే పక్క అక్షరం వత్తుగా మారి కింద వేలాడుతుంది. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని 2 నొక్కితే వస్తుంది. ఇది ఎవరూ చెప్పరు. నాకు తెలియడానికే ఏడాది పట్టింది, అప్పటిదాకా నా వ్యాసాల్లో ఇంగ్లీషు మాటలన్నీ ముద్దకట్టుకుపోయి ఉండేవి.

ఇక ఇబ్బందులు. ఇవి చిన్నవి కావు.

మొదటిది, ఎత్వం, ఒత్వం. హిందీలో పొట్టి ఎ, పొట్టి ఒ లేవు. వాటితో అక్కడ పెద్దగా పనిలేదు కాబట్టి వాటికి మిగిలిన మూలలు దక్కాయి. ఎత్వం కింది వరుసలో ఎడమ చివర జెడ్ మీద, ఒత్వం ఏకంగా ఒకటో అంకెకు ఎడమపక్క మూల కీ మీద. తెలుగులో అవి లేకుండా వాక్యం నడుస్తుందా? చెప్పు, వెళ్లు, పెట్టు, కొత్త, కొడుకు, మొదలు, పొద్దున. రోజంతా రాస్తే ఎడమ చిటికెన వేలు నొప్పెడుతుంది. నాకు రెండు మూడుసార్లు వారం పాటు ఆ వేలుకి విశ్రాంతి ఇవ్వాల్సి వచ్చింది. ఈ విషయంలో తెలుగుకు అన్యాయం జరిగిందనే నా అభిప్రాయం.

రెండోది, చ, ట కోసం సెమీకోలన్, కొటేషన్ గుర్తుల స్థానాలు తీసుకున్నారు. సంభాషణ రాస్తుంటే ప్రతి మాటకూ ముందొకసారి, వెనకొకసారి ఇంగ్లీషుకు మారి రావాలి. కథలు రాసేవాళ్లకు ఇది చాలా చిరాకు. నేను కొటేషన్లు లేకుండా మొత్తం రాసి, చివర్లో ఒకేసారి పెట్టుకుంటాను.

ఫోన్‌లో ఇన్‌స్క్రిప్ట్ నేను వాడను. ఆ చిన్న తెర మీద పది వేళ్ల అమరికకు అర్థం లేదు. నేరుగా తెలుగు అక్షరాలు వరసగా కనిపించే కీబోర్డు పెట్టుకున్నాను, దానికి అలవాటు పడటానికి నాలుగు రోజులు చాలు. వాయిస్ టైపింగ్ మా అమ్మకు వరం. ఆవిడ చదవగలరు గానీ టైప్ చేయలేరు, ఇప్పుడు మనవరాలికి రోజూ నాలుగు లైన్ల మెసేజ్ పెడతారు. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. నా విషయానికొస్తే, నోటితో చెప్పే వాక్యం వేరు, రాసే వాక్యం వేరు. రాసేటప్పుడు నేను సగంలో ఆగుతాను, వెనక్కి వెళ్తాను, మాట మారుస్తాను. మైకు ముందు అది కుదరదు.

నాన్నకు రెండేళ్ల క్రితం నా పాత ల్యాప్‌టాప్ ఇచ్చాను, ఈసారి తెలుగు స్టిక్కర్లు దొరికాయి. నాకంటే తొందరగా నేర్చుకున్నారు. గ పక్కనే ద, దాని పక్కనే జ, షిఫ్ట్‌తో వాటి ఒత్తు అక్షరాలు ఘ, ధ, ఝ అని నేను చెప్పబోతుంటే "తెలుస్తోందిలే, అల్పప్రాణం పైన మహాప్రాణం" అని ఆపేశారు. ఇప్పటికి తన చిన్నప్పటి పొలం కబుర్లు అరవై పేజీలు రాశారు. ళ, ణ ఒక్కచోట కూడా తప్పలేదు.

చిటికెన వేలు నొప్పికి నేను చివరికి ఒక మార్పు చేసుకున్నాను. క్యూ కీ మీద ఔత్వం ఉంది. అది తెలుగులో ఎప్పుడో గానీ రాదు. దాన్ని మూలకు పంపి, ఒత్వాన్ని క్యూ మీదకు తెచ్చాను. లినక్స్‌లో అమరిక ఫైలు దిద్దితే సరిపోయింది. విండోస్‌లో మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే కీబోర్డ్ లేఔట్ క్రియేటర్‌తో చేసుకోవచ్చు. నొప్పి చాలావరకు తగ్గింది. దీనికి మూల్యం ఏమిటంటే ఇంకొకరి కంప్యూటర్ ముందు కూర్చుంటే కొత్త బదులు కౌత్త పడుతుంది. కాబట్టి రోజుకు గంటకు మించి తెలుగు రాసేవాళ్లకే ఈ మార్పు చెబుతాను. నాన్న ల్యాప్‌టాప్‌లో మార్చలేదు. ఆయన రెండు వేళ్లతోనే కొడతారు, ఒత్వం కావాల్సినప్పుడల్లా చెయ్యెత్తి ఆ మూల కీ దాకా తీసుకెళ్లి నొక్కుతారు, ఆయనకు ఏ ఇబ్బందీ లేదు.