బుసాన్ చేపల మార్కెట్‌కి వెళ్తున్నారా? తూకం బుట్టతోనా, బుట్ట తీసేసా చూసుకోండి

కొరియాలో బుసాన్‌కి వెళ్లే మనవాళ్లు, ముఖ్యంగా ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకి అక్కడి పీతలు తినిపిద్దాం అనుకునేవాళ్లు, డబ్బు తీసే ముందు ఇది చదవండి. మా నలుగురికి ఒక్క పూట భోజనానికి 2,78,000 వోన్ల బిల్లు వేశారు. మన లెక్కలో 16,000 రూపాయల పైమాటే. ధర ఎక్కువైందని కాదు నా గొడవ. పెద్ద పీతలు అక్కడివాళ్లకి కూడా ఖరీదైన తిండే. కింది అంతస్తులో సరుకు కొన్నప్పుడు చెప్పిన లెక్కకీ పై అంతస్తు హోటల్లో చేతిలో పెట్టిన బిల్లుకీ పొంతన లేదు, అదీ సంగతి.

ముందు ఈ మార్కెట్లు ఎలా నడుస్తాయో తెలియాలి. బుసాన్‌లో అందరికీ తెలిసిన జగల్చి మార్కెట్‌నే తీసుకోండి. కింది అంతస్తులో నీళ్ల తొట్లలో బతికున్న చేపలు, పీతలు, ఆక్టోపస్‌లు అమ్ముతారు. అక్కడ కొన్నది పై అంతస్తు హోటల్‌కి పంపిస్తే కోసో, ఉడికించో పెడతారు. అంటే మీరు డబ్బు కట్టేది ఇద్దరికి. సరుకు అమ్మిన ఆవిడకి ఒకసారి, కూర్చోబెట్టి వడ్డించినవాళ్లకి ఇంకోసారి. పైన మనిషికి ఇంత అని తీసుకునే డబ్బుని సాంగ్‌చారిమ్ అంటారు. ఆకుకూరలు, పచ్చి వెల్లుల్లి, చోజాంగ్ అనే పుల్లని కారం, కూర్చునే చోటు అన్నీ అందులోనే. ఇది మోసం కాదు, అక్కడి పద్ధతి. చేప కోసినందుకు వేరుగా తీసుకోకపోవచ్చు కానీ, పీతలు ఆవిరి మీద ఉడికించడానికి మాత్రం ఛార్జీ వేరే ఉంటుంది. చాలా తొట్ల మీద ధర బదులు 'సిగా' అని రాసి ఉంటుంది. ఆ రోజు మార్కెట్ ధర అని దానర్థం. మనలాంటి కొత్త మొహాలు ఇరుక్కునేది ఇక్కడే.

మాకు ఇది జరిగింది బుసాన్ తీరంలోని ఒక చేపల మార్కెట్లో. కొట్టు పేరు రాయను. కిలో 80,000 వోన్లు అంది అమ్మే ఆవిడ. పీతల్ని నీళ్లలోంచి తీసి, అదే ఊపులో నీళ్లు కారుతున్న ప్లాస్టిక్ బుట్టలో పడేసి కాటా మీద పెట్టింది. 2.4 కిలోలు చూపించింది. మా అమ్మ ఏళ్ల తరబడి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బేరాలాడిన మనిషి. భాష రాకపోయినా చూపు అంతా కాటా మీదే ఉంది. "బుట్టతో సహా తూస్తోందేంట్రా, తీసి తూయమను" అంది వెంటనే. నేను ఫోన్‌లో పాపగో అనే అనువాద యాప్ తెరిచి అనువాదం చేసి చూపించేలోపే బుట్ట లోపలికి వెళ్లిపోయింది. ఆవిడ నవ్వుతూ కాలిక్యులేటర్ మీద 1,92,000 కొట్టి చూపించింది. తర్వాత నాలుగు కొట్ల అవతల రొయ్యలు కొంటూ అలాంటి తడి బుట్టనే ఉత్తది తూయించి చూశాను. 400 గ్రాములు! కిలో 80,000 లెక్కన 32,000 వోన్లు, అంటే దాదాపు 1,900 రూపాయలు బుట్టకీ నీళ్లకీ పోసినట్టు.

పైన ఇంకో కథ. మనిషికి 6,000 చొప్పున 24,000, ఉడికించినందుకు 20,000, పీత డిప్పలో కలిపి తెచ్చిన వేపుడన్నం నలుగురికి 12,000. సరే, ఇవి అడిగి తెప్పించుకున్నవే. చివర్లో ఒక పెద్ద గిన్నెలో మేఉన్‌తాంగ్ తెచ్చి స్టవ్ మీద పెట్టి వెళ్లారు. చేప ముళ్లు, తల వేసి కాచే కారం పులుసు అది. మేం అసలు చేపే కొనలేదు! కొరియాలో ఏ మామూలు హోటల్లో కూర్చున్నా కిమ్చీ, చిన్న చిన్న కూరలు ఊరికే వస్తాయి, ఎన్నిసార్లు అడిగినా మళ్లీ వేస్తారు. వడ్డించినావిడ 'సర్వీస్' అంది కూడా. అక్కడ ఆ మాటకి ఉచితం అనే అర్థం. బిల్లులో చూస్తే దానికి 30,000. ఇంకో విషయం, బల్ల మీదికి వచ్చిన పీతల్లో ఒకదానికి రెండు కాళ్లు లేవు. కింద ఏరుకున్నప్పుడు అన్నింటికీ ఉన్నాయి.

అడిగితే పైవాళ్లు కిందవాళ్లని అడగమన్నారు, కిందావిడ పైవాళ్లని చూపించింది. అప్పుడు 1330కి ఫోన్ చేశాను. కొరియా టూరిజం ఆర్గనైజేషన్ వాళ్ల హెల్ప్‌లైన్ అది, ఇంగ్లీష్‌లో మాట్లాడతారు. ఫోన్ స్పీకర్‌లో పెడితే అటువైపు ఉన్నావిడే హోటల్ యజమానితో కొరియన్‌లో మాట్లాడింది. పులుసు డబ్బు తీసేశారు. పీతల సంగతి తేలలేదు. తినేసిన పీత ఎంత తూగిందో ఎలా రుజువు చేస్తాం? కాటా అంకె ఫోటో ఒక్కటి ఉన్నా మాట వేరేలా ఉండేది.

ఇది పరాయివాళ్లకి మాత్రమే జరిగే పని అని అనుకోకండి. 2023లో ఇంచియాన్ నగరంలోని సోరేపోగు చేపల మార్కెట్లో బతికున్న పీతలు కొన్న ఒక కొరియన్, ఇంటికెళ్లి చూస్తే సంచిలో కాళ్లు ఊడిన చచ్చిన పీతలు తేలాయి. అది నెట్‌లో పాకి దేశమంతా గోలైంది. చివరికి అక్కడి వ్యాపారులు అందరి ముందూ మోకాళ్ల మీద వంగి క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. అందరూ అలాంటివాళ్లని నేననను. మా రొయ్యలు అమ్మినావిడ చెప్పకుండానే నీళ్లు వంపి తూసింది, గుప్పెడు ఎక్కువే వేసింది.

కాబట్టి వెళ్లేవాళ్లు ఒక్క పని చేయండి. జీవం ఉన్న సరుకు తొట్లోంచి బయటికి రాకముందే మొత్తం లెక్క కాగితం మీద రాయించుకోండి. 'తా హేసో ఓల్మాయెయో' అంటే అన్నీ కలిపి ఎంత అని. సరుకు, మనిషికి ఇంత, ఉడికించే ఛార్జీ, అన్నం, పులుసు, అన్నీ అందులో రావాలి. కత్తి పడ్డాక బేరం ఉండదు. తూకానికి ముందు 'పగూని పేగో' అంటే బుట్ట తీసేయమని అర్థమవుతుంది. కాటాని, మీరు ఏరుకున్న పీతల్ని ఫోటో తీయండి, అక్కడ ఎవరూ ఏమీ అనుకోరు. క్యాష్ అయితేనే ఈ రేటు అంటే ఒప్పుకోకండి, కార్డు కాదనడం, కార్డుకి ఎక్కువ వేయడం అక్కడ చట్టానికి విరుద్ధం. రసీదు కూడా కార్డుతోనే నిక్కచ్చిగా దొరుకుతుంది. చేయి పట్టి లాగినట్టు పిలిచే కొట్టు దగ్గర ఆగకండి. జగల్చి భవనానికి నెలలో మొదటి, మూడో మంగళవారాలు సెలవు, ఆ రోజుల్లో వెళ్లి తలుపులు మూసి ఉంటే చుట్టుపక్కల ఎవరు పిలిస్తే వాళ్ల వెంట పోకండి.

ఇంత చదివి బుసాన్ మార్కెట్లే మానేస్తారేమో, అలా చేయకండి. జగల్చి దగ్గర రోడ్డు దాటితే గుక్జే మార్కెట్. కొరియా యుద్ధకాలంలో పారిపోయి వచ్చిన శరణార్థులు బతుకు వెళ్లదీసుకున్న చోటు అది. పక్కనే బుప్యోంగ్ మార్కెట్లో రాత్రి బళ్లు పెడతారు. బిఫ్ స్క్వేర్‌లో గింజలు కూరిన సియత్ హొత్తోక్ అనే తీపి అట్టు, వేడివేడి చేప కేకులు, గోధుమ నూడుల్స్‌తో చల్లటి మిల్‌మ్యోన్, వీటన్నింటికీ ధర బోర్డు మీదే ఉంటుంది. 2013 నుంచి కొరియా హోటళ్లు పన్నుతో కలిపిన ధరే మెనూలో రాయాలి, టిప్పు ఇచ్చే అలవాటూ లేదు. ఊరంతా పేరున్న త్వేజి గుక్‌పప్ మాత్రం పంది మాంసం పులుసన్నం, ఇంట్లో పెద్దవాళ్లుంటే ముందే చెప్పండి. శాకాహారులకైతే కిమ్చీలో కూడా ఉప్పు చేపో, రొయ్యపొట్టో ఉండే అవకాశమే ఎక్కువ. మా నాన్నకి ఆ రోజు దొరికింది హొత్తోక్ ఒక్కటే.